వడ్రంగి కొడుకు వాండర్ వాల్స్

పిల్లలూ! ఈసారి గోడపత్రికకి ఒక శాస్త్రవేత్త జీవితం రాసిమ్మని ఎడిటర్ గ్రూపు వాళ్ళు నన్ను పట్టుకున్నారు. న్యూటన్, ఎడిసన్, సి.వి. రామన్ గురించి ఇదివరకే ఈ గోడ మీద వచ్చేసింది. కాబట్టి నేను వేరే ఆయన్ని ఎంచుకున్నాను. ఆయన పేరు యొహానెస్ డిడెరిక్ వాండర్ వాల్స్. ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకంలో ఒక సమీకరణానికి ముందు ఈ పేరు కనబడుతుంది. సమీకరణం రాస్తాం, అందులో ఎ అంటే ఏంటో బి అంటే ఏంటో రాస్తాం, మార్కులు వేసుకుంటాం, పేజీ తిప్పేస్తాం. ఆ పేరు వెనక ఉన్నాయన ఇరవై ఏళ్ళకి పైగా బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పిన పంతులు అన్న సంగతి పుస్తకంలో ఉండదు. నాకు ఆయన మీద ఇష్టం కలగడానికి మొదటి కారణం అదే.

రెండో కారణం మీరే. పదో తరగతి వాళ్ళని ఇంటర్లో ఏ గ్రూపు తీసుకుంటారని అడిగితే, లెక్కలు చకచకా చేసేవాళ్ళు కూడా కొందరు ఎం.పి.సి. వద్దన్నారు. లెక్కలంటే భయం లేదట, పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయని భయమట. ఆ మాట నాలుగు రోజులు నన్ను వదల్లేదు. అందుకని ఈ జీవితం రాస్తున్నాను. కొంచెం పెద్దదే, రెండు చార్టులు పట్టింది. స్టడీ అవర్ బెల్లు కొడితే సగంలో ఆపి మిగతాది రేపు చదవండి.

వాండర్ వాల్స్ 1837 నవంబరు 23న నెదర్లాండ్స్ దేశంలో లైడెన్ అనే ఊళ్ళో పుట్టాడు. మనం హాలండ్ అంటాం చూడండి, ఆ దేశమే. తండ్రి యాకోబస్ వడ్రంగి. తల్లి ఎలిజబెత్. వాళ్ళకి పదిమంది పిల్లలు, అందులో ఈయనే పెద్దవాడు. పదిమందిలో పెద్దవాడు అంటే ఏమిటో మీకు నేను విడమర్చి చెప్పక్కర్లేదు. లైడెన్‌లో పేరుమోసిన యూనివర్సిటీ ఉంది. వడ్రంగి ఇల్లూ, ఆ యూనివర్సిటీ ఒకే ఊళ్ళో ఉన్నాయి కానీ ఒకదాన్నించి ఒకదాన్లోకి దారి లేదు.

దారి ఎందుకు లేదంటే, ఆ రోజుల్లో యూనివర్సిటీలో విద్యార్థిగా చేరాలంటే లాటిన్, ప్రాచీన గ్రీకు భాషలు వచ్చి తీరాలి. లెక్కలు చదవాలన్నా అంతే, ఫిజిక్సు చదవాలన్నా అంతే. ఆ రెండు భాషల్నీ ఆ దేశంలో ఎవరి ఇంట్లోనూ మాట్లాడరు. వాళ్ళు మాట్లాడేది డచ్చి భాష. లాటిన్, గ్రీకు నేర్పే బళ్ళు వేరే ఉండేవి, వాటికి వెళ్ళేది కలవారి పిల్లలు. మన వాండర్ వాల్స్ వెళ్ళింది మామూలు బడికి. పదిహేనేళ్ళు వచ్చేసరికి ఆ బడి చదువు అయిపోయింది. అక్కడితో ఒక ప్రాథమిక పాఠశాలలో ఉపాధ్యాయుడి దగ్గర సహాయకుడిగా కుదిరాడు. మీలో తొమ్మిది, పది చదివేవాళ్ళ వయసన్నమాట! ఆ వయసులో చిన్నపిల్లల చేత ఎక్కాలు చెప్పిస్తూ జీతగాడయ్యాడు.

నేను బడికి వచ్చేదాకా కోయమాటే ఎరుగుదును. బళ్ళో తెలుగు ఎదురైంది. తెలుగు కాస్త నోటికి పట్టిందనేసరికి ఇంగ్లీషు ఎదురైంది. ఒక కట్టవ దాటితే ఇంకో కట్టవ. కాబట్టి లాటిన్ సంగతి చదివినప్పుడు అది నాకు హాలండ్ కథలా అనిపించలేదు.

తర్వాత ఆయన చేసిన పని చూడండి. 1856 నుంచి 1861 దాకా, ఉద్యోగం చేస్తూనే, ఒకదాని తర్వాత ఒకటి పరీక్షలు రాశాడు. ముందు ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడి అర్హత, ఆ తర్వాత హెడ్మాస్టరు అర్హత. అక్కడితో ఆగితే ఒక మంచి హెడ్మాస్టరుగా బతుకు వెళ్ళిపోయేది. ఆయన ఆగలేదు. 1862లో లైడెన్ యూనివర్సిటీ మెట్లెక్కాడు. విద్యార్థిగా చేర్చుకోరు కదా! అయితే బయటివాళ్ళు ఏడాదికి నాలుగు కోర్సుల దాకా పాఠాలు వినడానికి యూనివర్సిటీ వాళ్ళు ఒప్పుకునేవారు. ఆయన లెక్కలు, భౌతికశాస్త్రం, ఖగోళశాస్త్రం తరగతుల్లో వెళ్ళి కూర్చున్నాడు. హాజరు పట్టీలో పూర్తి విద్యార్థిగా పేరు లేదు, చివర డిగ్రీ రాదు. అయినా పాతికేళ్ళ పంతులు వెళ్ళి పాఠం విన్నాడు. ఈ ముక్క దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. ఆ చదువుకి సర్టిఫికెట్టు వస్తుందన్న ఆశ కూడా లేదు, చూడండి.

1863లో ఆ దేశంలో కొత్తరకం హైస్కూళ్ళు పెట్టారు. వాటిలో లాటిన్, గ్రీకు ఉండవు. సైన్సు, లెక్కలు, ఇప్పటి భాషలు చెబుతారు. వాటికి సైన్సు ఉపాధ్యాయులు కావాలి. వాండర్ వాల్స్ రెండేళ్ళు తీరిక వేళల్లో చదివి ఆ పరీక్షలు గట్టెక్కాడు. 1865లో డెవెంటర్ అనే ఊళ్ళో ఫిజిక్సు టీచరుగా ఉద్యోగం వచ్చింది. ఆ ఏడే పెళ్ళి. ఆమె పేరు ఆన్నా మాగ్డలేనా, అప్పటికి పద్దెనిమిదేళ్ళ పిల్ల. 1866లో హేగ్ నగరానికి బదిలీ అయ్యింది. హేగ్ నుంచి లైడెన్ దగ్గరే, మళ్ళీ యూనివర్సిటీకి వెళ్ళి వినొచ్చు. మళ్ళీ వెళ్ళాడు.

ఈలోగా చట్టం మారింది. సైన్సు చదివేవాళ్ళకి లాటిన్, గ్రీకు నుంచి మినహాయింపు ఇవ్వొచ్చన్నారు. ఆ సందు దొరకడమే తడవు, మన పంతులు యూనివర్సిటీ పరీక్షలన్నీ రాసి పాసై, 1873 జూన్ 14న డాక్టరేటు పుచ్చుకున్నాడు. అప్పటికి ఆయనకి ముప్పై అయిదేళ్ళు. చట్టం మారింది కాబట్టి ఆయనకి డిగ్రీ వచ్చిందని ఎవరైనా అనొచ్చు, నిజమే. కానీ మారే నాటికి ఆయన తయారుగా ఉన్నాడు, పదేళ్ళుగా తయారవుతూనే ఉన్నాడు.

ఆ డాక్టరేటు కోసం రాసిన పుస్తకమే ఆయన్ని లోకానికి తెలిపింది. వాయువుకీ, ద్రవానికీ మధ్య తెంపు లేదు, రెండూ ఒకే పదార్థపు రెండు తీర్లు అనేది దాని సారం. దీన్ని కొంచెం నిదానంగా చెప్తాను.

మీరు తొమ్మిది, పది తరగతుల్లో వాయువుల గురించి చదివేటప్పుడు వాయు అణువుల్ని చుక్కలు అనుకుంటారు. ఆ చుక్కలకి సైజు లేదు. ఒకదాన్నొకటి పట్టించుకోవు. గోడలకి కొట్టుకుంటూ తిరుగుతుంటాయి, అదే పీడనం. ఇలా అనుకుని వేసిన లెక్క మామూలు గాలికి బాగానే సరిపోతుంది. అయితే చుక్కలకి సైజు లేకపోతే, ఒకదాన్నొకటి పట్టించుకోకపోతే, ఏ వాయువూ ఎప్పటికీ ద్రవం కాకూడదు. ఆవిరి నీరు కాకూడదు, మబ్బు వాన కాకూడదు. మరి అవుతున్నాయి కదా!

వాండర్ వాల్స్ ఆ లెక్కలో రెండు సవరణలు చేశాడు. మొదటిది బి. మన డార్మిటరీ పొడవు, వెడల్పు కొలిచి ఇంత చోటు ఉందంటాం. కానీ ట్రంకుపెట్టెలూ, మనుషులూ ఆక్రమించిన చోటు తీసేస్తే తిరగడానికి మిగిలేది తక్కువ. అణువుల సంగతీ అంతే. వాటికీ సైజు ఉంది, అవి పట్టే చోటు తీసెయ్యాలి. రెండోది ఎ. అణువులు ఒకదాన్నొకటి కొద్దిగా లాక్కుంటాయి. గోడని కొట్టబోయే అణువుని వెనకున్నవి వెనక్కి లాగుతాయి, దెబ్బ కాస్త మెత్తబడుతుంది, పీడనం తగ్గుతుంది. ఎ అంటే ఆ లాగుడు ఎంత బలమైనదో చెప్పే అంకె. ఇంతే! ఈ రెండు అంకెలతో ఒకే సమీకరణం వాయువుకీ ద్రవానికీ పనికొచ్చింది.

ఐర్లండ్‌లో థామస్ ఆండ్రూస్ అనే ఆయన 1869లో ఒక వింత ప్రకటించాడు. కార్బన్ డయాక్సైడుని 31 డిగ్రీల సెల్సియస్ కన్నా వేడిగా ఉంచితే, ఎంత నొక్కినా ద్రవంగా మారదు. దాని కంటే చల్లగా ఉంటే నొక్కగానే మారుతుంది. ఈ గీతనే సందిగ్ధ ఉష్ణోగ్రత అంటారు. ఎందుకు అలా అవుతుందో వాండర్ వాల్స్ సమీకరణం చెప్పింది. అణువుల పరుగు ఒక వైపు, లాగుడు ఇంకో వైపు. వేడి ఎక్కువైతే పరుగే గెలుస్తుంది. ఎ పెద్దదై, బి చిన్నదైతే ఆ గీత పైకి పోతుంది. ఎ మరీ చిన్నదైతే గీత కిందికి, చలి లోతుల్లోకి పోతుంది.

మన మెస్సులో గ్యాస్ బండ ఉంది కదా. దాన్ని కదిపితే లోపల తొణికిన చప్పుడు వస్తుంది. లోపల ఉన్నది చాలావరకు ద్రవం. ఆ గ్యాసులో ఉండే ప్రొపేన్ గీత 97 డిగ్రీల దగ్గర ఉంది, మన వంటింట్లో అంత వేడి ఉండదు, అందుకని నొక్కితే చాలు ద్రవమైపోతుంది. అదే ఆస్పత్రిలో ఆక్సిజన్ బండని కదిపితే ఏ చప్పుడూ రాదు. ఆక్సిజన్ గీత సున్నాకి 118 డిగ్రీలు కింద ఉంది. ఎంత నొక్కి కూరినా ఆ బండలో అది వాయువుగానే ఉంటుంది. ఇదంతా ఎ, బిల మాయే.

ఒక మాట మర్చిపోకూడదు. ఆ కాలంలో అణువులు అనేవి నిజంగా ఉన్నాయో, లెక్కల సౌకర్యం కోసం అనుకున్నవో అని పెద్ద పెద్దవాళ్ళకే సందేహం. అలాంటప్పుడు హేగ్‌లో హైస్కూలు పంతులొకాయన అణువులు ఉన్నాయి, వాటికి సైజు ఉంది, అవి ఒకదాన్నొకటి లాక్కుంటాయి అని లెక్క వేసి చూపించాడు.

ఇంకో తమాషా. ఆ పుస్తకం ఆయన రాసింది లాటిన్‌లో కాదు, తన డచ్చి భాషలో. అప్పటికి యూరప్‌లో భౌతికశాస్త్రానికి పెద్ద దిక్కయిన మాక్స్‌వెల్ దాన్ని చదివి, ఈ పుస్తకం పుణ్యమా అని శాస్త్రజ్ఞులు డచ్చి భాష నేర్చుకోవడం మొదలుపెడుతున్నారన్న అర్థం వచ్చేలా రాశాడు. లాటిన్ రాదని గుమ్మం దగ్గర ఆపిన మనిషి, తన ఇంటిభాషని పెద్దలు నేర్చుకునేలా చేశాడు! 1881లో ఆ పుస్తకం జర్మన్‌లోకి, 1890లో ఇంగ్లీషులోకి వెళ్ళింది. పిల్లలూ, ఇది చదివి ఇంగ్లీషు అక్కర్లేదని అనుకోకండి. ఆయన కూడా బయటి దేశాలవాళ్ళ పుస్తకాలు చదివే ఇది రాశాడు. కట్టవ దాటాలి, దాటడానికి వయసు అడ్డం రాదు.

1877లో ఆమ్‌స్టర్‌డామ్‌లో ఉన్న కళాశాల యూనివర్సిటీ అయింది. దాని మొదటి భౌతికశాస్త్ర ప్రొఫెసరు వాండర్ వాల్సే. 1880లో ఇంకో గొప్ప సంగతి కనిపెట్టాడు. మనుషుల్ని ఎవరి మూరతో వాళ్ళని కొలిస్తే పొట్టివాడైనా పొడుగువాడైనా దాదాపు అన్నే మూరలు వస్తాడు. అలాగే ప్రతి వాయువునీ దాని సొంత సందిగ్ధ కొలతలతో కొలిస్తే, అన్నీ ఒకేలా నడుచుకుంటాయి. దీని అర్థం ఏంటంటే, ఒక వాయువు ఇంకా ద్రవం కాకపోయినా, అది ఎంత చలిలో ద్రవమవుతుందో ముందే అంచనా కట్టొచ్చు.

ఆ మరుసటి ఏడు, 1881లో, ఆయన భార్య క్షయతో చనిపోయింది. ఆమెకి ముప్పై నాలుగేళ్ళు. ముగ్గురు ఆడపిల్లలు, ఒక కొడుకు. పెద్దమ్మాయి ఇంటి బాధ్యత నెత్తిన వేసుకుంది. ఆయన మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు. పదేళ్ళ దాకా చెప్పుకోదగ్గ పరిశోధన పత్రమేదీ అచ్చులోకి ఇవ్వలేకపోయాడు. పాఠాలు చెప్పడం మాత్రం మానలేదు. ఆడపిల్లల్లో ఒకామె చరిత్ర టీచరు, పేరున్న కవయిత్రి కూడా అయింది. ఇంకొకామె ఇంగ్లీషు టీచరు. పంతుళ్ళ ఇల్లు!

ఇక హీలియం సంగతికి వద్దాం. మొత్తం కథలో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. దీని మొదలు మన గుంటూరు, మచిలీపట్నాల దగ్గరే ఉంది. 1868 ఆగస్టు 18న అక్కడ సంపూర్ణ సూర్యగ్రహణం కనబడింది. ఫ్రాన్సు నుంచి జాన్సెన్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు గుంటూరులో, మద్రాసు అబ్జర్వేటరీ నుంచి పాగ్సన్ మచిలీపట్నంలో దిగి, సూర్యుడి అంచుల్లో లేచే మంటల వెలుగుని పట్టకంతో విడగొట్టి చూశారు. ఆ వెలుగులో ఒక పసుపుగీత ఉంది. అది భూమ్మీద తెలిసిన ఏ మూలకానికీ చెందనిదని ఆ తర్వాత ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. గ్రీకులో సూర్యుడి పేరు మీద దానికి హీలియం అని పేరొచ్చింది. 1895లో రామ్సే దాన్ని భూమ్మీద, ఒక యురేనియం ఖనిజంలో పట్టుకున్నాడు.

హీలియం ఎవరితోనూ కలవని మూలకం. ఏ మూలకంతోనూ మామూలుగా సమ్మేళనం కట్టదు. తనలాంటి ఇంకో హీలియం పరమాణువుతో కూడా రసాయన బంధం కట్టదు. మరి వాండర్ వాల్స్ లాగుడు దానికైనా ఉందా? పట్టికలో చూస్తే హీలియం బి విలువ కార్బన్ డయాక్సైడు దానిలో సగం పైమాటే. కానీ ఎ విలువ సుమారు నూరో వంతు! ఒకవేళ హీలియం పరమాణువుల మధ్య అసలు లాగుడే లేకపోతే అది ఎన్నటికీ ద్రవం కాదు. 1898లో డ్యూవర్ హైడ్రోజన్‌ని ద్రవం చేశాడు. హీలియం ఒక్కటే మిగిలింది, దానితో ఎవరి పాచికా పారలేదు.

లైడెన్ యూనివర్సిటీలో, వాండర్ వాల్స్ బయటివాడిలా పాఠాలు విన్న ఆ చోటే, కామర్లింగ్ ఓన్నెస్ అనే ప్రొఫెసరు ఉండేవాడు. వాండర్ వాల్స్‌కి స్నేహితుడు. ఆయన సమీకరణాలే దారిదీపంగా పెట్టుకుని చలి యంత్రాలు కట్టుకుంటూ వచ్చాడు. హీలియం కోసం అమెరికా నుంచి మోనజైట్ ఇసుక తెప్పించి దాన్నుంచి వాయువు తీశాడు (ఆ ఇసుక మన భీమునిపట్నం, కేరళ తీరాల్లోనూ ఉంది). వాండర్ వాల్స్ పద్ధతిలో అంచనా కడితే హీలియం గీత అయిదారు కెల్విన్‌ల దగ్గర, అంటే సున్నాకి 267 డిగ్రీలు కింద వచ్చింది. 1908 జూలై 10న పొద్దున్నే పని మొదలుపెట్టారు. సాయంత్రానికి ఉష్ణమాపకం కదలకుండా నిలబడిపోయింది, కానీ గాజుపాత్రలో ఏమీ కనబడలేదు. చూడడానికి వచ్చిన ఒకాయన కిందినుంచి దీపం పెట్టి చూడమన్నాడు. పెట్టగానే ద్రవం పైఅంచు కత్తి అంచులా మెరిసింది! మొత్తం 60 ఘనపు సెంటీమీటర్లు, అర టీగ్లాసు. మరిగే ఉష్ణోగ్రత 4.2 కెల్విన్, అంటే సున్నాకి 269 డిగ్రీలు కింద.

అర టీగ్లాసు ద్రవం చెప్పింది ఏమిటంటే, ఎవరితోనూ కలవని హీలియానికి కూడా తనవాళ్ళంటే రవ్వంత లాగుడు ఉంది. వాండర్ వాల్స్ అప్పటికి డెబ్భై నిండి ప్రొఫెసరు పని నుంచి దిగిపోయాడు. అదే 1908లో ఆయన కుర్చీలోకి ఆయన కొడుకే వచ్చాడు. 1910లో ఆయనకి భౌతికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఇచ్చారు. 1923 మార్చి 8న ఆమ్‌స్టర్‌డామ్‌లో, ఎనభై అయిదేళ్ళ వయసులో కన్నుమూశాడు.

అణువులు ఒకదాన్నొకటి ఎందుకు లాక్కుంటాయో మాత్రం ఆయన బతికుండగా ఎవరికీ పూర్తిగా తెలియలేదు. 1930లో ఫ్రిట్స్ లండన్ అనే ఆయన క్వాంటం లెక్కతో చెప్పాడు. పరమాణువులో ఎలక్ట్రానులు ఒక్క క్షణం ఒక పక్కకి ఒరుగుతాయి. ఆ ఒరుగుడుకి పక్క పరమాణువులోవి కూడా సరిపడా ఒరుగుతాయి. దాంతో ఆ క్షణానికి రెండూ కొంచెం లాక్కుంటాయి. దూరం రెట్టింపైతే ఈ లాగుడు తాలూకు శక్తి 64వ వంతుకి పడిపోతుంది.

సరే, కోట్లకొద్దీ హీలియం పరమాణువులు కలిస్తే ద్రవమైంది. రెండంటే రెండే ఉంటే జంట కడతాయా? చాలా ఏళ్ళు ఇది తేలలేదు. ఎందుకంటే హీలియం తేలిక, క్వాంటం నియమం ప్రకారం తేలికైనవి ఎంత చలిలోనూ కుదురుగా ఉండవు. రెండూ 0.3 నానోమీటర్ల దూరంలో ఉన్నప్పుడు లాగుడు అన్నిటికన్నా లోతు, ఆ లోతుని ఉష్ణోగ్రతలో చెబితే 11 కెల్విన్‌లు. కానీ ఆ కుదురులేనితనం దాదాపు అంతా తినేస్తుంది. పదకొండు వేల రూపాయల పంట అమ్మితే ఖర్చులన్నీ పోను చేతిలో ఒకటో రెండో రూపాయలు మిగిలినట్టు, ఒక కెల్విన్‌లో వెయ్యో వంతు, మహా అయితే రెండు వంతులు బంధం మిగులుతుంది.

1993లో అమెరికాలోని మిన్నెసోటా యూనివర్సిటీ వాళ్ళు హీలియాన్ని సన్నని రంధ్రం గుండా శూన్యంలోకి వదిలి, అది విపరీతంగా చల్లబడ్డాక వెతికితే జంట ఆనవాలు దొరికింది. కొందరు సందేహించారు. 1994లో జర్మనీలోని గోటింగెన్‌లో టోనీస్ బృందం హీలియం ధారని అతి సన్నని దువ్వెనలాంటి జాలీ గుండా పంపింది. జంట బరువు రెట్టింపు కాబట్టి అది ఒంటి పరమాణువు కన్నా సగం కోణంలోనే వంగాలి. సరిగ్గా అక్కడే కనబడింది. 2000 సంవత్సరంలో దాని సైజు కూడా కొలిచారు, సగటున 5.2 నానోమీటర్లు. హైడ్రోజన్ అణువులో రెండు పరమాణువుల మధ్య దూరానికి ఇది డెబ్భై రెట్లు! లాగుడు బాగా పనిచేసే దూరం దాటి, ఎక్కువ కాలం ఆ రెండూ ఎక్కడో దూరదూరంగానే ఉంటాయి. అయినా జంటే. గట్టిగా చెయ్యి తగిలిస్తే, అంటే ఏ కాస్త వేడి తగిలినా, విడిపోతుంది.

ఈ జంటని ఇరుకు చోట పెడితే ఏమవుతుంది? 1990లలో శాస్త్రజ్ఞులు ఈ లెక్క చేశారు. ఆరుబయట పరమాణువు పారిపోవడానికి ముందువెనకలు, కుడిఎడమలు, పైకిందలు అన్నీ తెరిచే ఉంటాయి. రెండు గోడల్ని బాగా దగ్గరకి జరిపి, మధ్య సందులో జంటని పెట్టామనుకోండి. పైకిందల దారి మూసుకుపోయింది. ఒక పరుపులాంటి బల్లపరుపు చోట తిరగాలి, తిరిగి తిరిగి ఎదురుపడే అవకాశం పెరుగుతుంది. లెక్క ప్రకారం పూర్తిగా బల్లపరుపు చోట హీలియం జంట బంధం ఒక కెల్విన్‌లో సుమారు నలభై వెయ్యో వంతులు, అంటే ఆరుబయట ఉన్నదానికి పాతిక, ముప్పై రెట్లు! లాగుడు పెరగలేదు, ఎ మారలేదు. పారిపోయే దారి ఒకటి తగ్గింది, అంతే. గ్రాఫైటు మీద ఒకే పొరగా పరిచిన హీలియం, సన్నని కార్బన్ గొట్టాల్లో ఇరుక్కున్న హీలియం గురించి శాస్త్రజ్ఞులు శ్రద్ధగా చూసేది ఇందుకే.

హీలియంలో ఇంకో రకం ఉంది, హీలియం-3. అది ఇంకా తేలిక, అందుకని ఇంకా కుదురులేనిది. ఆరుబయట హీలియం-3 పరమాణువులు రెండు ఎన్నడూ జంట కట్టవు. బల్లపరుపు చోట పెడితే మాత్రం, చాలా చాలా బలహీనంగా, అవి కూడా జంట కడతాయని లెక్క చెబుతోంది.

వాయువుల ఎ, బి విలువల పట్టిక ఒకటి రాసి ల్యాబ్ తలుపు పక్కన అతికించాను. మెస్సుకి వెళ్ళే ముందు ఒకసారి హీలియం వరస, నీటిఆవిరి వరస పక్కపక్కన పెట్టి చూడండి. వేళ్ళతో లెక్కపెట్టి, ఒకదాని ఎ ఇంకోదానికి ఎన్ని రెట్లో ముందుగా ఎవరు చెబుతారో చూస్తాను.